బరి మధ్యలో నిలబడి

పోయిన వర్షాకాలంలో ఒక ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. లింగంపల్లి రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయని, బండ్లు వెనక్కి తిప్పుతున్నారని కింద ఎవరో చెప్పుకుంటూ పోయారు. నల్లగండ్లలో ఉండే మేనకోడలు భోజనానికని మేనమామ ఇంటికి వచ్చి, అలా ఇవతలి ఒడ్డున చిక్కుకుపోయింది. ఆ మేనమామ, నేను రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో ముప్పై ఏళ్లు కలిసి పనిచేశాం. ఆయనది రోటర్ బ్యాలెన్సింగు, నాది ఫిట్టింగు. ఆయన సొంత ఊరు పల్నాడులో ఉంది, నాది బోధన్ దగ్గర. ఆమె హైటెక్ సిటీలో ఒక గేముల కంపెనీలో పనిచేస్తుంది.

ఆమె నవల రాసింది. స్టేషన్ దగ్గరి జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగు చేయించిన 340 పేజీల కట్ట మా మధ్య బల్ల మీద ఉంది. కథ ఇరవై నాలుగో శతాబ్దంలో జరుగుతుంది. అంగారకుడి చుట్టూ తిరిగే ఒక పెద్ద చక్రం. గనుల్లో పనిచేసి అప్పు తీర్చలేకపోయినవాళ్లు ఆ చక్రంలో కత్తులు పట్టి ఒకరితో ఒకరు పోరాడతారు. గెలిచిన ప్రతి పోరుకీ అప్పులో కొంత కొట్టేస్తారు. భూమ్మీద కోట్ల మంది చూస్తూ పందేలు కాస్తారు. నేను రెండు రాత్రుల్లో చదివేశాను. ఆయన పెన్సిలు పట్టుకుని రెండు వారాలు చదివాడు.

ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరి మధ్య నడిచిన వాదాన్ని గుర్తున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాను. తెలుగులో సైన్స్ ఫిక్షన్ రాయాలనుకునే వాళ్లకి ఇది పనికొస్తుందని నా నమ్మకం.

మేనమామ: అమ్మాయ్, ముందు చక్రం సంగతి చూద్దాం. వ్యాసార్థం 224 మీటర్లు, నిమిషానికి రెండు చుట్లు. లెక్క వేసి చూశాను, సరిపోయింది. అంచున నిలబడ్డవాడికి భూమ్మీద ఉన్నంత బరువే తెలుస్తుంది. కానీ 112వ పేజీలో పదివేల మంది ఒక్కసారిగా లేచి బరికి ఒక పక్కకి పరిగెత్తారు. నీ చక్రం ఏమీ అనలేదేం?

మేనకోడలు: నిమిషానికి రెండు చుట్లే కదా మావయ్యా. మీ టర్బైన్లు మూడు వేల చుట్లు తిరిగేవి.

మేనమామ: మూడు వేల చుట్ల రోటర్‌ని బేరింగులు రెండు పక్కలా పట్టుకుని ఉంటాయి. అయినా కొన్ని గ్రాములు అటూ ఇటూ అయితే వణుకు మొదలవుతుంది. ఆ తేడా ఎక్కడుందో వెతికి, దానికి ఎదురుగా అంత బరువు కలపడమో, ఉన్నచోట గీకి తీసెయ్యడమో... నేను ఇన్నేళ్లు చేసింది అదే. ఆకాశంలో నీ చక్రానికి బేరింగు లేదు. దాని బరువు కేంద్రం ఎక్కడుంటే దాని చుట్టూ తిరుగుతుంది. మనిషికి డెబ్భై కిలోలు వేసుకున్నా పదివేల మందంటే ఏడు వందల టన్నులు. అంత బరువు ఒక పక్కకి పోతే కేంద్రం జరుగుతుంది. చక్రం ఊగుతుంది. కత్తి పట్టినవాడి కాళ్ల కింద నేల ఊగుతుంది.

మేనకోడలు: మరి దానికి విరుగుడు?

మేనమామ: నీళ్లు. అంచు పొడుగునా తొట్లు కట్టాలి. జనం ఇటు కదిలితే నీళ్లు అటు తోడాలి.

మేనకోడలు: అది కంప్యూటర్ చూసుకుంటుంది.

మేనమామ: చూసుకుంటుంది. అది మొరాయించిన రోజున వాల్వు దగ్గర మనిషి ఒకడు ఉండాలి. నీ 340 పేజీల్లో కత్తి పట్టినవాళ్లున్నారు, పందెం కాసేవాళ్లున్నారు, చక్రం సొంతదారు ఉంది. చక్రాన్ని తిప్పే కూలీ లేడు.

ఆమె ఆ మాట నోట్ చేసుకుంది కానీ అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. నిజానికి నేనూ పట్టించుకోలేదు. సాంకేతిక లోపం చెబుతున్నాడనుకున్నాను.

మేనకోడలు: పోరు ఎలా ఉందో చెప్పలేదు మీరు. అది రాయడానికి నాకు ఆరు నెలలు పట్టింది. తిరిగే చక్రంలో కత్తిపోరు భూమ్మీద పోరులా ఉండదు. చక్రం తిరిగే దిక్కుకే సెకనుకు అయిదు మీటర్ల చొప్పున పరిగెత్తితే మనిషి బరువు పెరుగుతుంది. డెబ్భై కిలోలవాడికి తను దాదాపు ఎనభై ఆరు కిలోలున్నట్టు అనిపిస్తుంది. ఎదురు దిక్కుకి అదే వేగంతో పరిగెత్తితే యాభై ఆరే. అంటే ఒక దిక్కుకి దూకేవాడు తేలిగ్గా లేస్తాడు, రెండో దిక్కుకి దూకేవాడి మోకాళ్లు కుంగుతాయి. విసిరిన బల్లెం సూటిగా పోదు. ఇదంతా నెలల తరబడి లెక్కలు కట్టి రాశాను.

మేనమామ: మా ఊళ్లో ఆ లెక్క వేరే పేరుతో ఉండేది. కుక్కుటశాస్త్రం అని చిన్న పుస్తకం. ఏ వారాన ఏ రంగు పుంజు గెలుస్తుంది, ఏ దిక్కు నుంచి దింపాలి... డేగా, కాకా, నెమలా అని చూసి, దిక్కు చూసి బరిలోకి వదిలేవాళ్లు. భూమ్మీద ఆ దిక్కుకి అర్థం లేదు. నీ చక్రంలో ఉంది. అక్కడ దిక్కును బట్టి నిజంగానే గెలుపోటములు తేలతాయి.

మేనకోడలు: అయ్యో మావయ్యా, ఇది నాకు తట్టనే లేదు! గనుల నుంచి వచ్చినవాళ్లు పోరు ముందు పంచాంగం చూసినట్టు చక్రం తిరిగే దిక్కు చూసుకుంటారు. దానికో శాస్త్రం కడతారు. శ్లోకాలు కడతారు.

మేనమామ: చెప్పి తప్పు చేశాను. ఇంకో యాభై పేజీలు కత్తులు తిప్పుతావు.

ఇక్కడి నుంచి గొంతులు మారాయి. ఆయన అసలు అభ్యంతరం చక్రం గురించి కాదని నాకప్పుడు అర్థమైంది.

మేనమామ: పోరు నువ్వు చాలా బాగా రాశావు. అదే నా బాధ. మొదటి నలభై పేజీల్లో పదకొండు మంది చచ్చిపోయారు, నేను ఆపకుండా చదివాను. చదువుతూ చదువుతూ టీ చల్లారిపోయింది. పన్నెండోవాడు ఎప్పుడు పడతాడా అని ఎదురుచూశాను. డెబ్భై మూడేళ్లవాణ్ని, మనవలు ఉన్నవాణ్ని! నన్ను నువ్వు తీసుకెళ్లి ఆ బరి చుట్టూ మెట్ల మీద కూర్చోబెట్టావు. కూర్చున్నందుకు నామీద నాకే కోపం వచ్చింది, తర్వాత కూర్చోబెట్టినందుకు నీమీద వచ్చింది.

మేనకోడలు: అలా రావాలనే రాశాను. అలీపియస్ అని ఒకాయన ఉండేవాడు, సెయింట్ అగస్టిన్ స్నేహితుడు. రోమ్‌లో కత్తిపోరులంటే ఆయనకి అసహ్యం. స్నేహితులు బలవంతంగా లాక్కెళితే కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. జనం ఒక్కసారి అరిచారు. కళ్లు తెరిచాడు. అంతే, ఆ రోజు నుంచి తనే మిగతావాళ్లని లాక్కెళ్లేవాడయ్యాడు. అగస్టిన్ దీన్ని తన ఆత్మకథలో రాసుకున్నాడు. చెడుగు రుచి ఎలా ఉంటుందో చూపించకుండా అది చెడుగు అని ఎవరికి చెప్పగలం? మంచివాళ్ల చేత నీతులు చెప్పించే నవలలు మన దగ్గర చాలానే ఉన్నాయి.

మేనమామ: రుచి చూపించడం వేరు, విస్తరి వేసి వడ్డించడం వేరు. మీ అలీపియస్ కథ చెప్పినాయన కత్తిపోరుని నలభై పేజీలు రాశాడా? కళ్లు తెరిచిన మనిషి మనసు గురించి రాశాడు. నువ్వు కత్తుల గురించి రాశావు.

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి అందుకుంది, ఈసారి రోమ్ నుంచి.

మేనకోడలు: గ్లాడియేటర్ అంటే మనకి సినిమాల్లో చూసిన కత్తి, డాలు, చెమట. నేను చదివిన దాంట్లో నన్ను పట్టుకున్నది వేరు. రెండో శతాబ్దంలో గాయస్ అని ఒక న్యాయశాస్త్రవేత్త ఒక ప్రశ్న వేశాడు. ఒకడు గ్లాడియేటర్లను ఇంకొకడికి అప్పగిస్తాడు. షరతు ఏమిటంటే, ప్రాణంతో, ఒంట్లో ఏ లోపం లేకుండా తిరిగి వస్తే ఒక్కొక్కడి చెమటకి 20 దినారాలు ఇవ్వాలి. చచ్చినా, అవిటివాడైనా 1,000 దినారాలు ఇవ్వాలి. ఇది అద్దెనా, అమ్మకమా? గాయస్ తీర్పేమిటంటే, తిరిగొచ్చినవాడి విషయంలో అద్దె, చచ్చినవాడి విషయంలో అమ్మకం. పోరు అయిపోయేదాకా ఆ మనిషి అద్దెకిచ్చిన సరుకో, అమ్మిన సరుకో కూడా తేలదు. మావయ్యా, ఈ ఒక్క షరతు నుంచి నా నవల పుట్టింది. ఇంకొకటి చూడండి. బానిసలే కాదు, స్వేచ్ఛగా ఉన్నవాళ్లు కూడా అప్పులపాలై ఒప్పందం రాసుకుని బరిలోకి దిగేవాళ్లు. కాల్చినా, కట్టేసినా, కొట్టినా, కత్తితో నరికినా ఓర్చుకుంటామని ప్రమాణం చేసేవాళ్లు. వాళ్లకి లాటిన్‌లో పేరు కూడా ఉంది, ఆక్టొరాటస్ అని. అంటే తనను తాను రాసిచ్చుకున్నవాడు.

మేనమామ: అది మీ ఆఫీసుల్లో బాండు లాంటిదంటావు, అంతేగా? పుస్తకం నిండా ఆ వాసనే. ఏసీ గదిలో కూర్చుని నెలకి లక్షలు తీసుకునేవాణ్ని తీసుకెళ్లి కత్తి పోటు తినే బానిస పక్కన నిలబెడతావా? అది ఆ బానిసకి అన్యాయం. కాపువా నుంచి పారిపోయి క్రీస్తుపూర్వం 73లో తిరగబడ్డ స్పార్టకస్ మనుషుల్ని రెండేళ్లకి పట్టుకుని, దారి పొడుగునా ఆరు వేల మందిని శిలువ వేశారు. నీ బాండు రాసినవాణ్ని ఎవరు శిలువ వేశారు?

మేనకోడలు: ఎవరూ వెయ్యలేదు. నేను వాళ్లిద్దరూ ఒకటే అనడం లేదు. కానీ సైబర్ టవర్స్ 1998లో తెరిచారు, అప్పటి నుంచి ఇక్కడ రెండు తరాలు పనిచేశాయి. మేం మాట్లాడే భాష వినండి. ఒక మనిషిని రిసోర్స్ అంటాం. పని లేకపోతే బెంచ్ మీద ఉన్నాడంటాం. గంటకింత అని బిల్ చేస్తాం. మనిషిని అద్దెకిచ్చే లెక్క రాసేటప్పుడు ఈ మాటలు నాకు ఎక్కడికీ వెళ్లి వెతుక్కోనవసరం లేకుండా దొరికాయి. మాట మనిషి కంటే ముందు పోతుంది. మాట సిద్ధమైన చోటికి ఏదో ఒక రోజు పని కూడా వస్తుంది. దాన్ని ఈ రోజు ఆఫీసులో పెట్టి రాస్తే నమ్మరు, అతి అంటారు. మూడు వందల ఏళ్లు ముందుకి తీసుకెళితే చూడగలుగుతారు.

ఇక్కడ ఆమె పక్షం నేను తీసుకుంటాను. దూరం పెట్టి చూపించడం కథకి ఉన్న పాత హక్కు. పురాణం వెనక్కి జరిపి చూపిస్తుంది, సైన్స్ ఫిక్షన్ ముందుకి జరిపి చూపిస్తుంది. 1991లో వచ్చిన ఆదిత్య 369 సినిమాలో సింగీతం శ్రీనివాసరావు ఒకే బండి ఎక్కించి మనల్ని కృష్ణదేవరాయల కొలువుకీ తీసుకెళ్లాడు, భవిష్యత్తుకీ తీసుకెళ్లాడు. తెలుగువాళ్లు హాయిగా ఎక్కారు. 2024లో కల్కి 2898 ఏడీ బండి కూడా ఎక్కారు. మనవాళ్లకి ఆకాశం కథలు పడవని ఇంకా ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మేనమామ అక్కడ ఒప్పుకున్నాడు, కానీ వేరే చోట పట్టుకున్నాడు.

మేనమామ: సరే, ముందుకి జరుపు. కానీ రోమ్ ఎందుకు? అంగారకుడి మీద బరి కట్టడం ఇవాళ్టిది కాదని నువ్వే చెప్పావు.

మేనకోడలు: అవును. 1912లోనే ఎడ్గార్ రైస్ బరోస్ తన జాన్ కార్టర్‌ని అంగారకుడి మీద బరిలోకి దింపాడు. 2008లో సుజాన్ కాలిన్స్ హంగర్ గేమ్స్ రాసింది, అందులో దేశం పేరే పానెం. లాటిన్‌లో రొట్టె. రొట్టె పెట్టి ఆటలు చూపిస్తే జనం నోరెత్తరన్న రోమన్ మాట నుంచి వచ్చింది.

మేనమామ: వాళ్ల చదువులో రోమ్ ఉంది కాబట్టి వాళ్లు రోమ్ నుంచి మొదలుపెట్టారు. నీది పల్నాడు. మీ అమ్మ పుట్టింది పల్నాడులో. పన్నెండో శతాబ్దంలో ఒక రాజ్యాన్ని కోడిపుంజుల మీద పందెం కాసిన నేల అది. గురజాల పక్షం, మాచర్ల పక్షం. ఓడినవాళ్లు ఏడేళ్లు ఊరు విడిచి పోవాలి. మాచర్లవాళ్లు ఓడి పోయారు. తిరిగొచ్చి అడిగితే ఇవ్వలేదు. కారంపూడిలో యుద్ధం. ఇప్పటికీ కార్తికంలో కారంపూడి వీరుల ఉత్సవం అయిదు రోజులు చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఒక రోజుకి పేరే కోడిపోరు. పందెం ఎలా యుద్ధమవుతుందో ఎనిమిది వందల ఏళ్లుగా ఏటా గుర్తుచేసుకునే ఊరు ఉండగా, రోమ్‌లోని ఆ కొలోసియం నీకెందుకు?

మేనకోడలు: కోళ్లు కదా మావయ్యా అక్కడ పోరాడింది. మనుషులు కాదు.

మేనమామ: పోరాడింది కోళ్లు. ఊరు విడిచింది మనుషులు. చచ్చింది మనుషులు. బరిలో ఎవరున్నారన్నది చిన్న సంగతి. ఎవరి ప్రాణం మీద ఎవరు కాస్తున్నారన్నదే పందెం.

తర్వాత ఆయన చెప్పింది ముప్పై ఏళ్ల స్నేహంలో నాకూ చెప్పలేదు.

మేనమామ: మా నాన్నకి ఒక పుంజు ఉండేది. కాకి. నేనే మేపేవాణ్ని. గంట్లు, చోళ్లు, బాదం పప్పు... మాకు లేనివి దానికి పెట్టేవాళ్లం. నీళ్లలో ఈత కొట్టించేవాణ్ని. నాకప్పుడు తొమ్మిదేళ్లు. సంక్రాంతికి పక్క ఊరి బరిలో దింపారు. కాలికి కత్తి కట్టేటప్పుడు నేను పట్టుకున్నాను. గుండె ఇలా కొట్టుకోవడం చేతికి తెలుస్తోంది. బరి చుట్టూ వందల మంది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషంలో మా అరెకరం పోయింది. నేను పొలం గురించి ఏడుస్తున్నానని నాన్న అనుకున్నాడు. పొలం సంగతి నాకు తెలియనే తెలియదు. పుంజు పడిపోయినప్పుడు నేనూ జనంతోపాటు అరిచాను, సంతోషంగా! మాదే పడిందని ఆ క్షణంలో తెలియలేదు. రెండూ తిరుగుతున్నాయి, దుమ్ము లేచింది, ఏదో ఒకటి పడింది, అందరూ అరిచారు, నేనూ అరిచాను. ఆ అరుపు ఇప్పటికీ నా గొంతులో ఉంది. నీ నలభై పేజీలు చదువుతుంటే అదే పైకి వచ్చింది.

కొంచెంసేపు ఎవరం మాట్లాడలేదు. వాన తగ్గింది కానీ అండర్ బ్రిడ్జి ఇంకా తెరవలేదు.

మేనకోడలు: నవల చివర్లో ఒక అధ్యాయం ఉంది. మీరు దానికి ఏ గుర్తూ పెట్టలేదు. మీకు ఇప్పుడు చెబుతాను. అంగారకుడి నుంచి భూమికి వెలుతురు రావడానికి, రెండు గ్రహాలూ ఎక్కడెక్కడ ఉన్నాయన్నదాన్ని బట్టి, మూడు నిమిషాల నుంచి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. వెలుతురు కంటే వేగంగా ఏ వార్తా రాదు. భూమ్మీద జనం టీవీ ముందు కూర్చుని చంపు చంపు అని అరుస్తున్నప్పుడు వాడు అప్పటికే చచ్చి పావుగంటై ఉంటుంది. వాళ్లు పందెం కాసేది అయిపోయిన దాని మీద. వదిలెయ్యమని భూమ్మీద కోటి మంది ఒకేసారి చెయ్యి ఎత్తినా ఆ చెయ్యి అక్కడికి చేరేసరికి శవాన్ని తీసేసి నేల కడిగేసి ఉంటారు. రోమ్‌లో జనం వేలు ఊపితే మనిషి బతికే అవకాశం ఉంది. ఆకాశంలో అది కూడా లేదు. చూడటం తప్ప చెయ్యడానికి ఏమీ మిగలని ప్రేక్షకుణ్ని చూపించాలంటే నాకు అంగారకుడే కావాలి. కారంపూడిలో అది చూపించలేను. దీనికోసమే నేను ఆకాశానికి పోయాను.

మేనమామ: ఇది బాగుంది. ఇది మీ రోమ్‌లోనూ లేదు, మా పల్నాడులోనూ లేదు. మరి దీన్ని 310వ పేజీలో ఎందుకు దాచావు? మొదటి పేజీలో ఉండాల్సింది.

మేనకోడలు: మొదటి పేజీలో చెబితే పోరులో పస ఉండదు.

మేనమామ: పస పోవాలి. నేను అడుగుతున్నది అదే.

ఈ చోట ఇద్దరూ కదల్లేదు. ఆమె దృష్టిలో పాఠకుడు ముందు మెట్లెక్కి కూర్చోవాలి, అరవాలి, తర్వాత సిగ్గుపడాలి. ఆయన దృష్టిలో పాఠకుడికి మొదటి నుంచీ తెలిసి ఉండాలి, తెలిసీ చదవగలడేమో చూడాలి. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను మా వైపు సంగతి ఒకటి చెప్పాను.

మా బోధన్ దగ్గర హున్సా అని ఊరు ఉంది. హోలీ నాడు సాయంత్రం ఊరి మగవాళ్లు రెండు జట్లుగా చీలి, మధ్యలో తాడు కట్టి, దాన్ని పట్టుకుని ఒకరినొకరు పిడికిళ్లతో గుద్దుకుంటారు. పిడిగుద్దులాట అంటారు. రక్తాలు వస్తాయి. అయ్యాక కామదహనం బూడిద దెబ్బలకి రాసుకుని, ఒకరినొకరు కావలించుకుని ఇళ్లకి పోతారు. పోలీసులు వద్దంటూనే ఉంటారు, ఊరు ఆడుతూనే ఉంటుంది. అది మంచి ఆట అని నేను అనను. కానీ అక్కడ ఎవరి పిడికిలి వాళ్లదే. ఏ పిడికిలినీ ఎవడూ అద్దెకి తెచ్చుకోలేదు. వాళ్లలో వాళ్లే కొట్టుకుంటారు, పైన కూర్చుని లెక్క చూసుకునేవాడు లేడు. గ్లాడియేటర్ కథకి కావలసింది కత్తి కాదు, ఆ పైన కూర్చునేవాడు. కాబట్టి నవల ఆ పైవాణ్ని ఎక్కడి నుంచి చూస్తుందో అదే దాని నీతి. ఆమె మెట్ల మీద నిలబడి బరిని చూపించింది. దాన్ని తిరగేసి, బరి మధ్యలోంచి మెట్లని చూపించాలి.

మేనకోడలు: బరి మధ్యలోంచి చూస్తే చచ్చేవాడి కళ్లతోనే చూడాలి బాబాయ్‌గారూ. ప్రతి అధ్యాయానికీ ఒకడు పోతాడు. కథ ఎవరు చెబుతారు?

మేనమామ: వాల్వు దగ్గరవాడు.

ఆమె పెన్ను కింద పెట్టింది.

మేనమామ: ఇందాక చెప్పాను కదా. జనం కదిలితే నీళ్లు తోడాలి. వాడికి పోరు కనపడదు. చక్రం నేల కింద, తొట్ల మధ్య ఉంటాడు. వాడికి తెలిసేది ఒక్కటే, పైన జనం ఎటు ఒరుగుతున్నారన్నది. ముల్లు కదులుతుంది. ఏడు వందల టన్నులు ఒక పక్కకి ఒరిగాయంటే ఆ పక్కన ఎవడో పడబోతున్నాడు. నేను రోటర్ దగ్గర కళ్లు మూసుకుని ఒంటితో వణుకు పట్టేవాణ్ని, నీకు తెలుసు. వాడూ అంతే. ప్రతి చావూ వాడికి ఒక బరువుగా తెలుస్తుంది. చచ్చేవాడి బరువు కాదు, చూసేవాళ్ల బరువు. వాడు సరిగ్గా తోడితే పోరు సాఫీగా సాగుతుంది. తోడకపోతే చక్రం ఊగి పోరు ఆగుతుంది, కానీ పదివేల మంది ప్రాణం మీదకి వస్తుంది. వాడు కత్తి పట్టలేదు, పందెం కాయలేదు. తన పని తను చేస్తున్నాడు. వాడేం చెయ్యాలో నాకు తెలియదు. నువ్వు రాయి, చదువుతాను.

ఆమె పదిహేను నిమిషాలు రాసుకుంటూనే ఉంది. నలభై పేజీల పోరు తీసెయ్యనని మాత్రం మళ్లీ చెప్పింది. ఆయన తీసెయ్యాల్సిందేనన్నాడు. అక్కడ ఆగింది వాదం. రాత్రి ఎనిమిదింటికి నీళ్లు తీశారని తెలిసి ఆమె బయలుదేరింది.

నా తీర్పు ఇప్పుడు చెబుతాను. ఆకాశం విషయంలో ఆమెదే ఒప్పు. వెలుతురు ఆలస్యం లాంటి సంగతి ఒక్క సైన్స్ ఫిక్షనే చెప్పగలదు. దాన్ని మన భాషలో రాసేవాళ్లు రావాలి. ఎక్కడ నిలబడి చెప్పాలన్న విషయంలో మాత్రం ఆయనదే ఒప్పు. లోహం ఎలా వణుకుతుందో ఒంటికి తెలిసినవాడు చెప్పిన మాట అది. మన తెలుగు సైన్స్ ఫిక్షన్‌కి రాకెట్ల గురించి చదివిన రచయితలతో పాటు వాల్వు తిప్పినవాళ్లు కూడా కావాలి. బీహెచ్ఈఎల్‌లో, ఈసీఐఎల్‌లో, శ్రీహరికోటలో పనిచేసి రిటైరైనవాళ్లు మన మధ్యే వేలమంది ఉన్నారు. నవల రాసే పిల్లలు వాళ్ల దగ్గరకి వెళ్లి కూర్చోవాలి.

ఇంకొక్క మాట. తెలుగు నేల మీద రాతి బరి లేదని, దానికోసం రోమ్ పోవాలని ఎవరైనా అనుకుంటే, నాగార్జునసాగర్ వెళ్లండి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, మూడో శతాబ్దం నాటిది, నాలుగు పక్కలా మెట్లు దిగి మధ్యలో చదునైన నేల ఉన్న ఆరుబయటి రంగస్థలం తవ్వకాల్లో బయటపడింది. ఆ లోయలోనే రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. 1955లో శంకుస్థాపన జరిగిన సాగర్ డ్యాము నీళ్లలో ఆ రంగస్థలం మునిగిపోకుండా పురావస్తు శాఖవాళ్లు తీసి, అనుపు దగ్గర గట్టు మీద మళ్లీ కట్టారు. కోడిపందెంలో ఓడి ఊరు విడిచినవాళ్ల మాచర్ల అక్కడికి దగ్గరే. వెళ్లినవాళ్లందరూ పై మెట్ల మీద కూర్చుని ఫోటో తీసుకుని వస్తారు. మీరు ఒకసారి కిందికి దిగండి. మధ్యలో నిలబడి, తల ఎత్తి, ఖాళీ మెట్లన్నీ చుట్టూ తిరిగి చూడండి.